జలపాతానికీ గుడారానికీ మధ్య ఎడం: జాతీయ ఉద్యానాల్లో మారుమూల రాత్రి బసపై సమీక్ష

బండి దారికి దూరంగా, జాతీయ ఉద్యానం లోపలి అడవిలో, జలపాతం పరిసరాల్లో గుడారం వేసుకుని రాత్రి గడిపే అలవాటు గురించి గత అరవై ఏళ్లుగా అటవీ అధికారులు, జీవావరణ పరిశోధకులు, చట్టాలు చేసేవారు, కొండనడక సంఘాలవారు సాగించిన చర్చ పైకి పలు విషయాల మీద నడిచినట్లు కనిపించినా, లోతుగా చూస్తే మళ్లీ మళ్లీ ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి చేరుతుంది. ఏ జలపాతాన్ని చూడాలని జనం అంత దూరం నడిచి వస్తారో ఆ జలపాతానికీ, వారు తల వాల్చే చోటికీ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఆ ఎడాన్ని ఎవరు, ఏ పద్ధతిలో నిలబెట్టాలి అన్నదే ఆ ప్రశ్న. మారుమూల బస అనే మాట ఈ వ్యాసంలో ఒక నిర్దిష్టమైన అర్థంలో వస్తుంది: తిండి, పడక, గుడారం వీపున మోసుకుని కాలినడకన వెళ్లి, కరెంటు గాని కుళాయి గాని దుకాణం గాని లేని చోట ఒకటి రెండు రాత్రులు ఉండి, చెత్తతో సహా తెచ్చుకున్నదంతా తిరిగి మోసుకురావడం. వాహనం పక్కనే వేసుకునే గుడారాలు, పర్యాటక సంస్థలు మంచాలతో సహా ముందే నిలబెట్టి ఉంచే గుడారాలు ఈ చర్చ పరిధిలోకి రావు. ఇప్పటివరకు పోగైన అనుభవాన్నీ పరిశోధననూ కలిపి చూస్తే, జలపాతం పగటిపూట చూడవలసిన చోటేగాని, నీటి శుభ్రత దృష్ట్యా చూసినా, అక్కడి ప్రాణుల దృష్ట్యా చూసినా, మనుషుల క్షేమం దృష్ట్యా చూసినా దాని అంచు పడుకోదగిన చోటు కాదని తేలుతుంది. అదే అనుభవం, అడవిలో రాత్రి గడిపే అవకాశాన్ని మొత్తంగా తీసివేయడం ఆ చిక్కుకు విరుగుడు కాదని కూడా చెబుతుంది.

ఈ విషయంలో సుదీర్ఘమైన అనుభవం ఉన్నది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెరా నెవాడా పర్వతాల్లో ఉన్న యోసెమిటీ జాతీయ ఉద్యానానికి. హిమానీనదాలు, అనగా వేల ఏళ్లు నెమ్మదిగా జారుతూ నేలను ఒరుసుకుపోయిన మంచు ప్రవాహాలు, అక్కడి ప్రధాన లోయను లోతుగా తొలిచివేయగా పక్క లోయలు అంత లోతుకు తెగక ఎత్తులోనే నిలిచిపోయాయి. ఆ పక్క లోయల నుంచి వచ్చే ఏళ్లు అంచు దాకా వచ్చి ఒక్కసారిగా కిందికి దూకుతాయి. మొత్తం 2,425 అడుగుల, అంటే 739 మీటర్ల ఎత్తు నుంచి మూడు అంచెలుగా పడే యోసెమిటీ జలపాతం ఇలా ఏర్పడినదే. మెర్సెడ్ నది మాత్రం మెట్లు మెట్లుగా తెగిన గ్రానైట్ బండల మీదుగా దిగుతూ 594 అడుగుల నెవాడా జలపాతంగా, దానికి దిగువన 317 అడుగుల వెర్నల్ జలపాతంగా పడుతుంది. ఈ రెండింటినీ చూస్తూ ఎక్కే బాట ఆ దేశంలో జనసమ్మర్దం ఎక్కువగా ఉండే కొండబాటల్లో ఒకటి కావడం వల్ల, రాత్రి బసకు సంబంధించిన చిక్కులన్నీ అక్కడే ముందుగా, కొట్టవచ్చినట్లు బయటపడ్డాయి.

చట్టం నడిచిన దారి కూడా గమనించదగినది. 1864 జూన్ 30న అబ్రహాం లింకన్ సంతకంతో యోసెమిటీ లోయ ప్రజల వినోదం కోసం కాలిఫోర్నియా రాష్ట్రం సంరక్షణలోకి వెళ్లింది; 1890 అక్టోబర్ 1న దాని చుట్టూ ఉన్న విశాలమైన అడవి జాతీయ ఉద్యానమైంది; 1906లో లోయ కూడా అందులో కలిసింది. 1964లో అమెరికా కాంగ్రెస్ చేసిన వన్యభూముల చట్టం, రోడ్లు, మోటారు వాహనాలు, శాశ్వత కట్టడాలు లేకుండా ప్రకృతి తన తీరున తాను సాగే నేలను వన్యభూమిగా నిర్వచించి, అలాంటి చోట మనిషి వచ్చి వెళ్లేవాడే తప్ప స్థిరపడేవాడు కాదని తేల్చింది. 1984లో ప్రత్యేక చట్టం ద్వారా యోసెమిటీ విస్తీర్ణంలో దాదాపు 94 శాతం, అంటే ఏడు లక్షల ఎకరాలకు పైగా నేల ఈ వర్గంలో చేరింది. ఈ నిర్వచనంలో ఉన్న కీలకం తరచుగా మరుగున పడుతుంది. స్థిర నివాసాన్ని వద్దన్న ఆ చట్టం రాత్రి బసను వద్దనలేదు. పైగా, రోడ్డు లేని చోట లోపలికి వెళ్లి రావడానికి ఒక్క పగలు చాలదు గనుక, గుడారంలో రాత్రి గడపడాన్ని అలాంటి నేలను అనుభవించే సహజమైన మార్గంగానే అంగీకరించింది. అందుచేత అక్కడి అధికారుల ముందు నిలిచిన సమస్య బసను అనుమతించాలా వద్దా అన్నది కాక, ఎంతమందికి, ఏ చోట, ఏ షరతుల మీద అనుమతించాలన్నదే అయింది.

ఆ సమస్య 1960ల చివర, 1970ల మొదట్లో ఒక్కసారిగా ముదిరింది. తేలికపాటి నైలాన్ గుడారాలు, అల్యూమినియం చట్రాల వీపుసంచులు అందుబాటులోకి వచ్చి, యువతరం పెద్ద సంఖ్యలో కొండల్లోకి నడవసాగడంతో, ఏటి ఒడ్డులూ సరస్సుల అంచులూ తొక్కుడుకు గురై గడ్డి పోయి మట్టి తేలాయి. యోసెమిటీలో పరిశోధకుడిగా పనిచేసిన యాన్ వాన్ వాగ్టెన్‌డాంక్ ఆ దశకంలో నడకదారుల కదలికలను అధ్యయనం చేసి, ఒక్కొక్క గుడారపు చోటును కాపలా కాయడం కంటే, బాట మొదలయ్యే చోట రోజుకు ఇంతమందికే అని కోటా పెట్టి, లోపలికి వెళ్లాక వారిని స్వేచ్ఛగా తిరగనివ్వడం మేలని చూపించాడు. ఎక్కడి నుంచి ఎంతమంది బయలుదేరితే వారు లోపల ఏ ప్రాంతాల్లో ఎంతెంతమంది తేలుతారో కంప్యూటర్ నమూనాతో లెక్క కట్టవచ్చన్నది దాని ఆధారం. నేటికీ అక్కడ రాత్రి బసకు ఏడాది పొడవునా అనుమతి పత్రం తప్పనిసరి. ఇటీవలి పద్ధతి ప్రకారం ప్రతి బాట కోటాలో 60 శాతం చోట్లను 24 వారాల ముందే లాటరీ తీసి, మిగిలిన 40 శాతాన్ని వారం ముందు ఇస్తారు. స్వేచ్ఛను అడవి లోపల ఉంచి, నియంత్రణను గుమ్మం దగ్గరే ముగించే ఈ ఏర్పాటు, ప్రతి రాత్రికీ ప్రతి చోటికీ విడివిడిగా చీటీ ఇచ్చే పద్ధతుల కంటే మెరుగైనది. అలసిన మనిషి, కాలు బెణికిన మనిషి, వానలో చిక్కిన మనిషి చీటీలో రాసిన చోటికి చేరాలని చీకట్లో పరుగులు పెట్టవలసిన అవసరం దీనిలో ఉండదు.

అయితే జలపాతాల విషయంలో మాత్రం ఆ స్వేచ్ఛకు గట్టి హద్దులు ఉన్నాయి. ప్రధాన లోయ వంటి జనావాస ప్రాంతాల నుంచి బాట వెంట నాలుగు మైళ్లు దాటేదాకా, ఏ రోడ్డు నుంచైనా ఒక మైలు ఎడం వచ్చేదాకా గుడారం వేయకూడదు. నీటికీ బాటకూ కనీసం 100 అడుగుల దూరంలోనే వేయాలి. ఈ నియమాల ఫలితం నెవాడా, వెర్నల్ బాటలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండు జలపాతాల పక్కనుంచే వేలమంది ఎక్కుతారు గాని, ఆ బాట మీద తొలి బస చోటు నెవాడా జలపాతం పైఅంచును దాటి సుమారు ఒక మైలు లోపలికి వెళ్లాక, లిటిల్ యోసెమిటీ వ్యాలీ అనే చదునైన లోయలో ఉంది. అక్కడ మలాన్ని ఎరువుగా మార్చే మరుగుదొడ్డి, ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప పెట్టెలు, మంటకు నిర్ణీత గుంటలు ఉన్నాయి. కొంతమంది నడకదారులు ఇది మారుమూల బస స్ఫూర్తికి విరుద్ధమని, ఇంత ఏర్పాటు ఉన్నచోట ఏకాంతం ఎక్కడిదని అంటారు. వారి అసంతృప్తి అర్థం చేసుకోదగినదే అయినా, ఆ ఒక్క లోయ తొక్కుడును భరిస్తున్నందువల్లే రెండు జలపాతాల అంచులు గుడారాలు లేకుండా మిగిలాయన్న సంగతిని ఆ విమర్శ లెక్కలోకి తీసుకోదు. ఇదే ఉద్యానంలో టువాలమీ నది ఒడ్డున, వైట్ కాస్కేడ్ అనే జలపాతం పక్కనే ఉన్న గ్లెన్ ఆలిన్ విడిది పాతకాలపు ఆలోచనకు గుర్తు. 1920లలో ఏర్పడిన ఇలాంటి విడిదులను 1984 చట్టం కొనసాగనిచ్చినా, వాటివల్ల పరిసరాలకు హాని పెరిగితే తొలగించాలన్న ఉద్దేశాన్ని చట్టసభ సంఘం తన నివేదికలో నమోదు చేసింది.

ఎడం అవసరాన్ని తెలిపే మొదటి కారణం నీటి స్వభావమే. మంచు కరిగి పారే ఏరు ఒక్క రోజులోనే పెరిగి తగ్గుతుంది. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు ఎండకు ఎత్తైన శిఖరాల మీద కరిగిన మంచు వాగుల గుండా మైళ్ల దూరం ప్రయాణించి దిగువకు చేరేసరికి సాయంత్రం దాటుతుంది, పెద్ద నదుల్లో నడిరాత్రి కూడా అవుతుంది. కాబట్టి ఉదయం మోకాలి లోతున దాటిన వాగు రాత్రికి నడుము దాకా రావచ్చు, అదీ ఆకాశంలో మబ్బు తునక కూడా లేకుండా. ఈ సంగతి తెలుగువారు ప్రత్యేకంగా గ్రహించవలసినది. సాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు యోసెమిటీ కొద్ది గంటల ప్రయాణం కావడంతో వారిలో చాలామంది అక్కడికి వెళ్తుంటారు; వారు పుట్టి పెరిగిన చోట జలపాతమంటే వాననీరు, ఆకాశం తెల్లగా ఉంటే వాగు శాంతించినట్లు. మంచు ఏళ్ల విషయంలో లెక్క తలకిందులవుతుంది: ఎంత ఎండ కాస్తే అంత ప్రమాదం. 2011లో మంచు విస్తారంగా కురిసిన ఏడాది, జూలై నడిమి పొడి వాతావరణంలో, వెర్నల్ జలపాతం పైఅంచున రక్షణ కటకటాలు దాటి నీటిలోకి దిగిన ముగ్గురు యువతీయువకులు కొట్టుకుపోయారు. పైఅంచు దగ్గర నీరు అద్దంలా నిలిచినట్లు కనిపించడం, బండ మీద పాచి కంటికి ఆనకపోవడం, ఒకసారి కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం కలిసి అక్కడి ప్రమాదాలకు కారణమవుతాయి. గుడారం ఆ అంచునే ఉంటే, చీకట్లో నీళ్లకోసమో ఒంటికోసమో లేచిన ప్రతిసారీ మనిషి ఈ మూడింటినీ ఎదుర్కోవలసి వస్తుంది.

నీటికి తోడు రాయి కూడా కదులుతుంది. జలపాతం ఉన్నదంటేనే అక్కడ నిటారైన కొండచరియ ఉన్నట్లు. నిటారైన చరియ తడిసి, గడ్డకట్టి, కరిగి, పగుళ్లు విచ్చి ఎప్పుడో ఒకప్పుడు విరిగిపడుతుంది. 1980 నవంబర్‌లో యోసెమిటీ జలపాతపు బాట మీద చరియ విరిగి ముగ్గురు మరణించారు. 1996 జూలై 10న, వెర్నల్ జలపాతపు బాట మొదలయ్యే హ్యాపీ ఐల్స్ దగ్గర, ఎత్తు నుంచి జారి గాలిలోకి ఎగిరి పడిన భారీ బండ పుట్టించిన గాలి తాకిడికే వందలాది చెట్లు నేలకూలి, ఒకరు మరణించారు. ఆ మరుసటి ఏడు జనవరిలో మంచు మీద వెచ్చని వాన కురిసి మెర్సెడ్ నదికి వచ్చిన వరద ప్రధాన లోయలోని నదీతీరపు విడిదులను ముంచెత్తింది. అలా పోయిన గుడారపు చోట్లు మొత్తంలో దాదాపు సగం ఉంటాయి. వాటిలో అధిక భాగాన్ని అదే ఒడ్డున తిరిగి కట్టకపోవడం మీద చాలాకాలం వివాదం నడిచింది. గుడారపు చోట్ల కొరత నిజమే అయినా, నది తనదని చూపించిన నేల మీద మళ్లీ మనుషులను పడుకోబెట్టకూడదన్న వాదనే సరైనది. జలపాతపు హోరు తెచ్చే ఇంకొక చిక్కు గురించి చర్చ తక్కువగా జరిగింది: ఆ చప్పుడులో పై నుంచి రాలే రాయి శబ్దం గాని, పెరుగుతున్న నీటి మార్పు గాని, సాటివారి కేక గాని, జంతువు అలికిడి గాని వినిపించవు. రాత్రి కన్ను పనిచేయని వేళ చెవి కూడా పనిచేయకుండా పోతుంది. తుంపరకు గుడారపు బట్ట తడవడం, రాత్రివేళ చల్లగాలి లోయ వెంట కిందికి జారి నీటి ఒడ్డున పేరుకోవడం వీటితో పోలిస్తే చిన్న ఇబ్బందులే గాని, తడిసిన పడకలో వణికే మనిషికి అవి చిన్నవిగా తోచవు.

రెండవ కారణం నేలకు సంబంధించినది. ఈ విషయంలో పరిశోధన మిగతా అంశాల కంటే ఎంతో ముందుంది. జనం తిరుగుడు వల్ల నేలకు, మొక్కలకు కలిగే మార్పులను అధ్యయనం చేసే శాస్త్రశాఖలో డేవిడ్ కోల్ అనే పరిశోధకుడు ఒరెగాన్ రాష్ట్రంలోని ఈగిల్ క్యాప్ వన్యభూమిలో చేసి 1982లో ప్రచురించిన అధ్యయనం మైలురాయిగా నిలిచింది. ఏడాదికి కొద్ది రాత్రులు మాత్రమే గుడారం పడే చోటుకూ, తరచుగా పడే చోటుకూ మధ్య హానిలో తేడా ఊహించినంతగా లేదని ఆయన కనుగొన్నాడు. మొదటి కొద్ది రాత్రుల్లోనే లేతమొక్కలు నలిగి, ఆకుచెత్త చెదిరి, మట్టి గట్టిపడి, జరగవలసిన నష్టంలో అధిక భాగం జరిగిపోతుంది. ఆ తరువాత అదే చోట ఎన్ని రాత్రులు గడిచినా పెరిగే నష్టం క్రమంగా తక్కువ. దీనికి విరుద్ధంగా, పాడైన చోటు కోలుకోవడానికి, ముఖ్యంగా ఎండాకాలం కురచగా ఉండే ఎత్తైన ప్రాంతాల్లో, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఈ ఒక్క ఫలితం నుంచి నిర్వహణకు సంబంధించిన పెద్ద తీర్పు వెలువడింది: జనం ఎక్కువగా వచ్చే చోట గుడారాలను చెల్లాచెదురుగా వేయించడం మంచిదన్న పాత నమ్మకం తప్పు, వాటిని ఇప్పటికే గట్టిపడిన కొద్ది చోట్లలో కుదించడమే మేలు. జనం అరుదుగా వచ్చే చోట మాత్రం ఏ చోటునూ రెండోసారి వాడకుండా చెదరగొట్టడమే మేలు. జలపాతం పరిసరాలు ఎంత మారుమూలవైనా మొదటి వర్గంలోకే వస్తాయి, ఎందుకంటే వచ్చే ప్రతివారి చూపూ ఒకే బిందువు మీద ఉంటుంది, చదునైన నేల చుట్టూ పిడికెడే ఉంటుంది.

తుంపర పడే మేర ఒక ప్రత్యేకమైన జీవావరణం. ఎప్పుడూ తడిగా, నీడగా, చల్లగా ఉండే ఆ ఇరుకైన చోట నాచులు, ఫెర్న్‌లు, వాటి మధ్య బతికే చిరుజీవులు ఉంటాయి; కొద్ది గజాలు అవతలికి పోతే అవి కనిపించవు. యోసెమిటీ జలపాతాల వెనుక చరియల్లో నల్ల స్విఫ్ట్ అనే పక్షి గూడు కట్టి ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. నీటిలో మునిగి పురుగులను ఏరుకుని తినే డిప్పర్ అనే చిన్న పక్షి తుంపర తగిలే బండల మీద నాచుతో గూడు అల్లుతుంది. ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ 1894లో వెలువడిన తన గ్రంథంలో ఒక అధ్యాయాన్నే ఈ పక్షికి కేటాయించాడు. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి ఒక్క వేసవిలో కలిగిన అలజడి ఒక తరాన్ని పోగొట్టడంతో సమానం కాబట్టి, గుడారపు దీపం, పొగ, రాత్రంతా మనిషి ఉనికి దానికి ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు.

నీటి శుభ్రత గురించి ఇప్పుడు వివాదమేమీ లేదు. కొండ ఏరు ఎంత తేటగా ఉన్నా, జియార్డియా అనే సూక్ష్మజీవి అందులో ఉండి విరేచనాల వ్యాధిని కలిగించవచ్చు గనుక, నీటిని ఒక నిమిషం పాటు, 6,500 అడుగులకు పైబడిన ఎత్తులో మూడు నిమిషాల పాటు తెర్లనిచ్చి తాగాలని అమెరికా ఆరోగ్య శాఖ చెబుతుంది. మలవిసర్జనకు నీటికి కనీసం 100 అడుగుల దూరంలో ఆరు అంగుళాల గుంట తీయాలన్నది యోసెమిటీ నియమం. జలపాతపు అంచున ఉన్నది పలచని మట్టి పరుచుకున్న బండే కాబట్టి అక్కడ ఆరు అంగుళాల గుంట తీయడమే సాధ్యం కాదు. దూరం పాటించని మనిషి ఈ నియమాన్ని కూడా పాటించలేడు. సబ్బు వాడకం, గిన్నెలు తోమడం వంటివన్నీ ఇదే సూత్రం కిందికి వస్తాయి.

ఎలుగుబంట్ల కథ మాత్రం కొంత వివరంగా చెప్పుకోదగినది, ఎందుకంటే నియమం నిజంగా ఫలించిన సందర్భం అది. 1998లో యోసెమిటీలో నల్ల ఎలుగుబంట్లు తిండికోసం వాహనాలను, గుడారాలను చించి, విరగ్గొట్టిన ఘటనలు 1,500కు పైగా నమోదయ్యాయి. మనిషి తిండికి అలవాటు పడిన ఎలుగు చివరకు కాల్చివేతకు గురికావలసి రావడంతో, తప్పు జంతువుది కాదని, తిండిని దానికి అందేలా ఉంచిన మనిషిదని అధికారులు గుర్తించారు. మూటను తాడుతో చెట్టుకొమ్మకు వేలాడదీసే పాత పద్ధతిని ఎలుగులు ఎప్పుడో ఛేదించాయి కాబట్టి దాన్ని నిషేధించి, మూత తిప్పితే తప్ప తెరుచుకోని గట్టి డబ్బాను ప్రతి నడకదారుడూ మోసుకెళ్లాలని నియమం పెట్టారు. తదుపరి ఏళ్లలో ఘటనలు తొంభై శాతానికి పైగా తగ్గాయి. ఈ డబ్బాను సైతం కొండ అంచుకు, నీటికి దూరంగా ఉంచాలని చెబుతారు. ఎలుగు దాన్ని తెరవలేకపోయినా దొర్లించగలదు, దొర్లిన డబ్బా జలపాతంలో పడితే రెండు రోజుల నడక దూరాన తిండి లేకుండా మిగలవలసి వస్తుంది.

ఇతర దేశాల అనుభవం యోసెమిటీ మార్గం ఒక్కటే సాధ్యమన్న భావనను సడలిస్తుంది. నార్వేలో 1957 నాటి చట్టం, సాగులో లేని నేల మీద ఎవరైనా, నివాసముండే ఇంటికి 150 మీటర్ల ఎడం పాటిస్తే, రెండు రాత్రుల వరకు గుడారం వేసుకోవచ్చని హక్కుగా చెప్పింది. జనం తక్కువ, నేల ఎక్కువ, బాల్యం నుంచి అలవడిన క్రమశిక్షణ ఉన్న సమాజంలో అది సాగుతోంది. స్కాట్లాండ్ 2003లో దాదాపు అలాంటి హక్కునే ఇచ్చింది గాని, గ్లాస్గో నగరానికి దగ్గరలో ఉన్న లోమండ్ సరస్సు జాతీయ ఉద్యానంలో ఒడ్డులు పాడైపోవడంతో, 2017 నుంచి మార్చి మొదలు సెప్టెంబర్ వరకు కొన్ని మండలాల్లో అనుమతి తప్పనిసరి చేయవలసి వచ్చింది. హక్కుగా ఇచ్చిన స్వేచ్ఛ కూడా నగరం పక్కన అలాగే నిలవదని ఈ ఉదాహరణ చూపుతుంది. సున్నపురాయి కరిగి మళ్లీ పేరుకుంటూ జలపాతాలను నిత్యం కడుతూ ఉండే క్రొయేషియా ప్లిట్విట్సే ఉద్యానంలో గుడారమే కాదు, ఈత కూడా నిషిద్ధం. ఆ రాయి నాచు సాయంతో పెరుగుతుంది కాబట్టి అక్కడ పూర్తి నిషేధం న్యాయమే. వెనిజులాలోని కనైమా ఉద్యానంలో, 979 మీటర్ల ఎత్తు నుంచి పడే ఏంజెల్ జలపాతానికి ఎదురుగా నదిలో ఉన్న లంకలో, సందర్శకులు గుడారాలకు బదులు కప్పు మాత్రమే ఉన్న పాకల్లో ఉయ్యాల పడకల మీద నిద్రిస్తారు. పడవ నడిపేది, దారి చూపేది అక్కడి పెమోన్ తెగవారు. నేల మీద ఏమీ పరవకుండా పడక పైకి లేవడం, తరతరాలుగా ఆ నదిని ఎరిగినవారి చేతిలో రాకపోకల నిర్ణయం ఉండడం అనే రెండు లక్షణాల వల్ల ఈ ఏర్పాటు ప్రత్యేక శ్రద్ధతో అధ్యయనం చేయదగినది.

పెమోన్‌ల ప్రస్తావన ఈ చర్చలోని అతి బాధాకరమైన అంశాన్ని ముందుకు తెస్తుంది. వన్యభూమిలో మనిషి వచ్చి వెళ్లేవాడే అన్న నిర్వచనం, అక్కడ అంతకుముందు ఉన్న మనుషులను చెరిపివేసిన తరువాత రాసినది. యోసెమిటీ లోయలో అవానీచీ ప్రజలు నివసించేవారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం వారిని తరమడానికి లోయలోకి ప్రవేశించింది. తిరిగి వచ్చి బతికినవారి చివరి పల్లె 1969లో నేలమట్టమైంది. రెండు రాత్రుల అనుమతి పత్రం చేతబట్టుకుని జలపాతం దగ్గర ఏకాంతాన్ని కోరే సందర్శకుడికి ఆ ఏకాంతం ఎలా తయారైందో తెలియజేయడం ఉద్యానాల బాధ్యత. ఈ విషయంలో అమెరికా సాహిత్యం ఇటీవలి దశాబ్దాల్లో గాని నోరు విప్పలేదు.

భారతదేశంలో స్థితి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం ఏర్పడే జాతీయ ఉద్యానంలోకి ప్రవేశమే అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాచిత్రాలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, చట్టబద్ధమైన వ్యవహారం వంటి పరిమిత ప్రయోజనాలకు మాత్రమే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చు. అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం నేరం. నడిచి వెళ్లి గుడారంలో ఉండే సందర్శకుడిని ఈ చట్టం ప్రత్యేకంగా ఊహించలేదు. ఆచరణలో కర్ణాటకలోని కుద్రేముఖ్ ఉద్యానంలో మాదిరిగా, పగలు ఎక్కి సాయంత్రానికి దిగిపోయే నడకకే అనుమతి లభిస్తుంది. పులి, ఏనుగు, చిరుత తిరిగే అడవుల్లో రాత్రి మనిషిని బయటికి పంపడానికి బలమైన కారణాలే ఉన్నాయి; యోసెమిటీ నియమాలను ఇక్కడికి యథాతథంగా దిగుమతి చేయాలనడం తెలియనితనం అవుతుంది.

తెలుగు నేలపై ఈ ప్రశ్నకు అసలైన వేదిక తలకోన. తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలంలో, 1989లో ఏర్పడి సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో, శేషాచలం కొండల క్వార్ట్‌జైట్ చరియ మీద నుంచి సుమారు 270 అడుగుల ఎత్తున పడే ఈ జలపాతానికి దిగువన సిద్ధేశ్వరస్వామి ఆలయం, బస చేయడానికి గదులు ఉన్నాయి. చెట్ల మీదుగా పాకిన మహావృక్షాల వంటి గిల్లతీగలు, రాత్రివేళ కొమ్మల మధ్య నెమ్మదిగా కదిలే దేవాంగపిల్లి, తేమ ఉన్న బండల నెర్రెల్లో పగలు దాగి రాత్రి బయటికి వచ్చే బంగారు బల్లి ఆ అడవి ప్రత్యేకతలు. చివరి రెండు ప్రాణులూ నిశాచరాలు కావడం గమనించాలి: జలపాతపు చరియ దగ్గర దీపాలు, మంటలు, పాటల పెట్టెలతో గడిచే రాత్రి సరిగ్గా వాటి పనివేళను ఆక్రమిస్తుంది. ఎర్రచందనం అక్రమ నరికివేత వల్ల ఆ కొండల్లో రాత్రి సంచారంపై నిఘా అవసరం కావడం, అనుమతి లేని గుడారాన్ని మరింత చిక్కుల్లో పడేస్తుంది. ఇక్కడి నీటికి యోసెమిటీ నీటి గడియారం లేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, బంగాళాఖాతం వాయుగుండం వెంట వచ్చే వాన కొండ మీద ఎక్కడో కురిసి, దిగువ మడుగులోకి హఠాత్తుగా ఎర్రనీరై దిగుతుంది.

రెండు చోట్ల నీటి నడక వేరైనా, తేలే సూత్రం ఒకటే కావడం ఈ సమీక్షలో ముఖ్యమైన ఫలితం. తలకోనలో ఇప్పుడున్నట్లుగా బసను దిగువన, కట్టడాలకే పరిమితం చేసి, లోపలి అడవిని పగటి నడకకు ఉంచడం మొత్తం మీద సరైన ఏర్పాటే. కానీ అడవిలో రాత్రి గడపాలన్న కోరిక యువతలో ఏటేటా పెరుగుతున్నప్పుడు, దానికి చట్టబద్ధమైన దారి ఒక్కటీ లేకపోతే, దొంగచాటుగా మడుగు పక్కనే వేసే గుడారాలే దారి అవుతాయి. అవి పడేది అన్నిటికంటే తప్పైన చోటే, తప్పైన కాలంలోనే. జలపాతానికీ వాగుకూ బాగా ఎడంగా, ఇప్పటికే గట్టిపడిన నేల మీద, మంట లేకుండా, అతి కొద్ది గుడారాలకు చోటు కేటాయించి, కోటాను బాట మొదట్లోనే ముగించి, అడవి అంచు పల్లెల నుంచి, ముఖ్యంగా ఆ కొండలను తరాలుగా ఎరిగిన యానాదుల నుంచి దారి చూపేవారిని నియమించి, వారు వద్దన్న రోజు ఎవరినీ లోపలికి పంపకుండా ఉండే ఏర్పాటును అటవీశాఖ ప్రయోగాత్మకంగా పరిశీలించవచ్చు. అలాంటి ప్రయోగం మొదలుపెడితే, మొదటి గుడారం పడకముందే ఆ నేల మీది మొక్కల కొలతలు, మట్టి గట్టిదనం, బంగారు బల్లుల ఉనికి నమోదు చేసి ఉంచాలి. కోల్ అధ్యయనం ప్రకారం నష్టంలో అధిక భాగం తొలి కొద్ది రాత్రుల్లోనే జరిగిపోతుంది కాబట్టి, తరువాత తీసిన కొలతలకు పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అనుమతులు ఇవ్వకూడదు.